కప్పల దొంగను చూడ్డానికి విశాఖ వెళ్లాను

విశాఖపట్నం వెళ్లొచ్చానని తెలిసినవాళ్లంతా సముద్రం గురించే అడుగుతున్నారు. చూశాను. పెద్దదే. అంతకుమించి దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎందుకంటే అక్కడ ఉన్న కొద్దిరోజుల్లో ఎక్కువభాగం నేను గొంతుక్కూర్చుని ఒక నీటిగుంటలోకి చూస్తూ గడిపాను.

మాది అనంతపురం. అక్కడ జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఆ ఆగస్టులో విద్యార్థుల సమ్మెతో కాలేజీ మూతపడింది. మా ఫిజిక్సు లెక్చరర్ రామునాయుడుది విశాఖ పక్కన కూర్మన్నపాలెం దగ్గరి పల్లె. "ఊరికే కూర్చోకపోతే మా ఊరెళ్లి రారాదూ? మా అన్న అప్పలనాయుడు కప్పల దొంగను పట్టుకుంటానని పంతం మీదున్నాడు. మీరు కప్పలు కోసే మనిషి కదా, మీకేమైనా అంతుపడుతుందేమో చూడండి" అన్నాడు.

కప్పల్ని దొంగిలించడమేమిటని నవ్వాను. కానీ నాది పుట్టుకతో అనుమానపు బుర్ర. పాలవాడి చెంబులోకి తొంగి చూడందే పాలు పోయించుకోను. దొంగ అన్న మాట చెవిన పడ్డాక ఇంట్లో కూర్చోవడం నావల్ల కాలేదు.

బెల్లం వేసిన కూర

రైలు దిగగానే ఒక రిక్షా అతను "సామాను నానట్టుకుంతాను బాబూ" అని సంచీ మీద చెయ్యి వేశాడు. నేను గట్టిగా లాక్కున్నాను. అతను నావైపు జాలిగా చూసి ఇంకో బేరానికి వెళ్లిపోయాడు. ఊళ్లో ఎటు చూసినా ఎర్రటి దుమ్ము. ఓడల్లోకి ఎత్తే ఇనపరాయి దుమ్మని చెప్పారు. చొక్కా కాలరు సాయంత్రానికి మా ఊరి నేల రంగుకి తిరిగింది, అదొక్కటే నాకు అక్కడ తెలిసిన ముఖంలా కనిపించింది.

కూర్మన్నపాలెం జంక్షన్ అప్పటికి సగం పల్లె, సగం పట్నం. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు. లారీలు, ఇనపచువ్వల గుట్టలు, తడికెల హోటళ్లు, నెత్తిన టోపీలు పెట్టుకుని టీ తాగే మనుషులు. గ్లాసు టీ అర్ధరూపాయి. మా ఊళ్లో అంతకంటే తక్కువే. ఎందుకింత అని అడిగితే "పాలు సిక్కగున్నాయి కదేటి" అన్నాడు హోటలాయన. చిక్కగా ఏమీ లేవు.

అప్పలనాయుడు బస్సు దగ్గరికే వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్లాడు. బలమైన మనిషి, గొంతు కూడా అంతే. ఆయన భార్య పైడితల్లి విస్తరి వేసి, గుమ్మడికాయ కూర వడ్డించింది. నోట్లో పెట్టుకోగానే తీపి తగిలింది. కూరలో బెల్లం! మా సీమలో బెల్లం పాయసానికి, కారం కూరకి. ఆ రెండూ ఒకచోట కలవడం మేం ఎరగం. పాత్ర తారుమారైందేమోనని పైడితల్లి ముఖంలోకి చూశాను.

"ఏటి మాస్టారూ, కూర నచ్చనేదా?" అందావిడ.

"బాగుంది తల్లీ" అని అబద్ధమాడి, ఇంకో ముద్ద తిన్నాను. మూడో ముద్దకి నిజంగానే బాగుంది.

తింటూ ఉండగా అప్పలనాయుడు కథ మొదలుపెట్టాడు.

"మాకో బంద ఉంది మాస్టారూ." బంద అంటే వాళ్ల భాషలో చిన్న చెరువు. "వానలు పడ్డాయంటే కప్పల గోలకి సెవులు సిల్లులు పడీవి. నిరుడు తగ్గినాయి. ఈయేడు అరుపే నేదు. సేలల్లో దోమ పట్టీసింది. తినీ కప్ప నేకపోతే దోమ పట్టదేటి మరి?"

"కప్పలేమయ్యాయంటారు?"

"ఎత్తుకుపోతన్నాడు. పాత టౌను నుంచి ఖాసిం సాయిబని వొత్తాడు. మా మందు కొట్టీ పంపులు బాగుసేత్తాడు. బంద గట్టు మీదే కూకుంతాడు. నీళ్లలోంచి నల్లగా, జారిపోతా ఏటో తీసి డబ్బాలో ఏసుకుంతన్నాడని మా తమ్ముళ్లు సూసినారు. కప్పకాళ్లు ఐసులో పెట్టి ఓడల మీద ఎగేత్తన్నారంట కదా. తెల్లోల్లు తింతారంట!"

అది నిజమే. ఆ రోజుల్లో కప్పకాళ్ల ఎగుమతి గురించి నేనూ పత్రికల్లో చదివాను. పాఠం కోసం కప్పల్ని తెచ్చే మనిషి కూడా ధర పెంచుతూ ఆ మాటే చెప్పేవాడు. అందుకని నాకు ఖాసిం మీద అప్పుడే అనుమానం కుదురుకుంది.

"ఆదివారం జంక్షన్‌లో అందరం కూకుంతన్నాం" అన్నాడు అప్పలనాయుడు. "ఒప్పుకుంతే సరి. నేదంతే పోలీసోల్లకి అప్పజెప్పీడమే. ఇంక ఈ పల్లెల్లో ఎక్కడా ఆడి సేత పంపు ముట్టనీం."

వర్షాకాలంలో ఈ పల్లెల పంపుల మీద వచ్చేదే ఖాసిం ఇంటికి ఏడాది పొడుగునా తిండి అని పైడితల్లి మెల్లగా అంది. అప్పలనాయుడు విననట్టు మజ్జిగ పోసుకున్నాడు.

బంద గట్టు

మర్నాడు పొద్దున్న బందకి వెళ్లాం. తూటాకు, తామర, అంచుల్లో నాచు. నీళ్లు చూడ్డానికి శుభ్రంగానే ఉన్నాయి. చేపలు ఎగురుతున్నాయి. కప్పలు మాత్రం నిజంగానే లేవు. కానీ ఎక్కడో మిగిలిన ఒకటీ అరా వచ్చి గుడ్లు పెట్టినట్టున్నాయి, వాటి పిల్లలున్నాయి. తోకతో, చేపపిల్లల్లా ఈదే దశ. తోకకప్పలని మేం పాఠం చెప్పేది వీటినే.

నాకు ముందు తట్టిన ప్రశ్న అదే. పెద్దవాటిని పట్టుకుపోయే దొంగ ఉంటే, పిల్లలు పెద్దవై మళ్లీ కనిపించాలి కదా. ఎందుకు కావడం లేదు?

చెయ్యి నీళ్లలో పెట్టాను. తోకకప్పల మధ్య చెయ్యి పెడితే ఆవాలు చిమ్మినట్టు చెదిరిపోవాలి. ఇవి చెదరలేదు. కొన్ని కాస్త జరిగాయి. కొన్ని పక్కకి ఒరిగి, తోక ఒక్కసారి ఆడించి ఊరుకున్నాయి. వేలితో ముట్టినా అంతే. ఒళ్లు మాత్రం బాగా పెరిగి ఉన్నాయి. అంత పెరిగాక వెనక కాళ్లు రావాలి. ఒక్కదానికీ రాలేదు.

ఏళ్ల తరబడి కప్పల్ని కోసి బల్లలకి గుచ్చిన మనిషిని, వాటి మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. అయినా పారిపోవడం మరిచిపోయిన ప్రాణిని చూస్తే భయం వేసింది.

అక్కడికి కాస్త దూరంలో పైపులు వెయ్యడానికి తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది. అందులో వాన నీళ్లు తప్ప ఇంకేమీ చేరవు. అక్కడా తోకకప్పలున్నాయి. నా నీడ పడగానే అన్నీ మాయం. చాలావాటికి కాళ్లొచ్చాయి. కొన్ని తోక సగం అరిగిపోయి గట్టెక్కే పనిలో ఉన్నాయి. ఒకే వాన, ఒకే ఊరు, రెండు రకాల బతుకు.

తిరిగొచ్చేసరికి బంద రేవులో ఒక రైతు పంపు కడుగుతున్నాడు. వీపుకి తగిలించుకునే ఇత్తడి పంపు. అందులోంచి తెల్లటి నీళ్లు పాలు ఒలికినట్టు బందలోకి దిగుతున్నాయి.

"ఏం మందది?" అన్నాను.

"గడ్డి మందు" అన్నాడు అప్పలనాయుడు. "కలుపు తీయడానికి మనుసులేరీ మాస్టారూ? ఆడోల్లూ మగోల్లూ అంతా ఉక్కు పనికి ఎలిపోతన్నారు. రెండేళ్ల బట్టి ఈ మందే గతి. పురుగు మందు ఇంకా ఈయేడు ముట్టనేదు."

"కప్పలు తగ్గింది కూడా రెండేళ్ల నుంచే కదా?"

ఆయన నన్ను అనుమానంగా చూశాడు. "గడ్డి మందు గడ్డిని సంపుద్ది. కప్పకేటి, గడ్డేటి? సేపలు సూడండి, బంగారంలాగున్నాయి. మందు మంచిది కాకపోతే ముందు అయ్యే సావాలి."

మాటలతో ఇది తేలదనుకున్నాను. ఇంటికెళ్లి పైడితల్లిని రెండు సత్తు పళ్లాలు అడిగాను. రెండింటిలో గోతి నీళ్లు పోసి, గోతిలోని చురుకైన తోకకప్పల్నే వేశాను. ఒకదానిలో మాత్రం కడగని పంపులోని తడి కాస్త వంచాను. ఆ పళ్లాలు ఇంక వంటకి వాడొద్దని ఆవిడతో ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ నన్ను పిచ్చివాడి కింద జమకట్టిందని ముఖంలోనే తెలిసింది.

హార్బరులో ఎగతాళి

శనివారం తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకి వెళ్లాను. మందు మీద అనుమానం ఉన్నా, మనిషి మీద అనుమానం పోలేదు. రెండూ ఉండకూడదని రూలేమీ లేదు కదా. ఖాసిం కప్పల్ని అమ్ముతుంటే ఐసు దగ్గరే ఎవరికో తెలిసి ఉండాలి.

మరబోట్లు వరసగా ఆగి ఉన్నాయి. చేపలు గంపలకొద్దీ దిగుతున్నాయి. వేలం పాట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాసనకి మాత్రం అర్థం అక్కర్లేదు. మా అనంతపురంలో చేపంటే చెరువు తెగినప్పుడు వచ్చే చుట్టం, ఇక్కడ అది రోజూ ఇంట్లో ఉండే మనిషి. చేపల్ని ఎగాదిగా చూస్తూ నిలబడ్డ నన్ను జాలరిపేట మనిషొకావిడ పట్టుకుంది.

"ఏటి బాబూ, సేపలు కొంతావా, పెళ్లిసూపులు సూత్తన్నావా?"

"ఇక్కడ కప్పలు కొనేవాళ్లెవరమ్మా?" అన్నాను గొంతు తగ్గించి.

ఆవిడ గొంతు తగ్గించలేదు. "ఓలమ్మా! ఇంత సముద్రమెట్టుకుని ఈ బాబుకి కప్పలు కావాలంట!" చుట్టూ ఆడవాళ్లంతా గంపలు దించి మరీ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను. ఆ తర్వాత ఆవిడే, ఐసు కొట్టే చోట నిలబడ్డ ఒక దళారీని చూపించింది. అతను కప్పలు కొంటానని దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. అవి వేరే జిల్లాల నుంచి గోతాల్లో వస్తాయట. ఖాసిం పేరు ఎప్పుడూ వినలేదన్నాడు. "కూర్మన్నపాలెం కప్పలా? అటేపు నుంచి రెండేళ్లయి సరుకే రాలేదండీ, కప్పలు పట్టేవోల్లే అంటారు అక్కడేటీ దొరకట్లేదని."

అంటే దొంగకి కూడా దొరకడం లేదన్నమాట.

పాత టౌనులో తోలు వాసర్లు

అక్కడి నుంచి పాత టౌనుకి నడిచాను. ఇరుకు సందులు, అత్తరు కొట్లు, రేకు పెట్టెల శబ్దం. ఖాసిం కొట్టు ఒక బల్ల, ఒక పట్టకారు, గోడకి వేలాడే పంపులు. మనిషి సన్నగా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. పంపు బాగుచేయించుకునే రైతులా మాట్లాడదామనుకున్నాను గానీ నా కళ్లజోడు చూసి నమ్మలేదు.

"అప్పలనాయుడు గారి ఇంటికొచ్చిన మాస్టారు తమరే కదా? పంపు కోసం రానేదు తమరు" అన్నాడు.

ఇంక దాచి లాభం లేక, ఆ డబ్బా చూపించమన్నాను. ఆయన బల్లకింద నుంచి తీసి నా ముందు పెట్టి మూత తీశాడు. లోపల నీళ్లలో నల్లగా, గుండ్రంగా, జారిపోతూ ఉన్నవి కనిపించాయి. చేత్తో తీశాను. తోలు. పంపులో గాలి నిలవడానికి వేసే తోలు వాసర్లు.

"ఎండిన తోలు బిగిత్తే సిరిగిపోద్ది బాబూ. రాత్రి నూనెలో ఎట్టేముందు నీళ్లలో నానాల. బంద గట్టునే నానబెట్టుకుంతాను."

దూరం నుంచి చూసినవాడికి అవి కప్పలే.

"మరి మీరు ఈ మాట వాళ్లకి చెప్పలేదా?"

"డబ్బా తెరిసి సూపించమని ఎవులూ అడగనేదు. ఎనకనించి అనుకుంతన్నారంతే." ఆయన నా చేతిలోంచి వాసరు తీసుకున్నాడు. "నాను కప్పని సంపడమేటి బాబూ? మా మతంలో కప్పని సంపకూడదు. మా అబ్బాజాన్ సిన్నప్పుడే సెప్పినారు. ఇంట్లోకొస్తే సీపురుతో కూడా కొట్టం, నెమ్మదిగా బైటికి తోలీత్తాం. ఇంత వొయసొచ్చింది, ఒక్క కప్ప పానం తీసినోడిని కాదు."

దొంగ అనుకున్నవాడు ఇలాంటి మాట చెప్పడం మామూలే కదా అని బయటికొచ్చి, రెండు కొట్ల అవతల అత్తరు అమ్మే పెద్దాయన్ని ఏమీ ఎరగనట్టు అడిగాను. ఆయన కూడా అదే చెప్పాడు. కప్పను చంపడం తప్పని పెద్దలు చెబుతారన్నాడు. నా అనుమానం మీద నాకే సిగ్గేసింది. వెనక్కెళ్లి ఖాసింతో, ఆదివారం డబ్బా పట్టుకుని తప్పకుండా రమ్మన్నాను.

జంక్షన్‌లో ఆదివారం

పొద్దున్న లేచి పళ్లాలు చూశాను. మంచి నీళ్లలోవి చెంచా చప్పుడుకే చెదిరిపోతున్నాయి. పంపు తడి పడిన పళ్లెంలో కొన్ని చచ్చిపోయాయి. మిగిలినవి పక్కకి ఒరిగి, బందలోవాటిలాగే నిద్రమత్తులో ఉన్నాయి. రెండు పళ్లాలు చూసి శాస్త్రం తేలిపోయిందని మా కాలేజీలో ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. అయినా నా మనసులో సందేహం మిగల్లేదు.

జంక్షన్‌లో టీ హోటలు బల్లల మీద రైతులంతా కూర్చున్నారు. ఖాసిం నిలబడే ఉన్నాడు. డబ్బా తెరిచి వాసర్లు ఒక్కొక్కటే బల్లమీద పేర్చాడు. తర్వాత తమ మతంలో కప్పని చంపకూడదన్న మాట చెప్పాడు. అప్పలనాయుడు తమ్ముళ్లలో ఒకడు వాసరు చేతిలోకి తీసుకుని, నలిపి చూసి, కింద పెట్టేశాడు. ఒక ముసలి రైతు "అవునవును, సాయిబులు కప్పని సంపరు. నాను మర్సిపోనాను" అన్నాడు. అంతే. అన్నాళ్ల కోపం టీ చల్లారేలోపే పోయింది.

"మరైతే కప్పలేమైనట్టు?" అన్నారెవరో.

నేను పళ్లాలు రెండూ బల్ల మీద పెట్టాను. ఒకదానిలో వేలు పెట్టి చూపించాను, రెండోదానిలో పెట్టి చూపించాను. గడ్డి మందు చేపని వదిలేసినా వీటిని వదలడం లేదని, చంపకపోయినా ఎదగనివ్వడం లేదని, పెద్ద కప్పలు పోవడానికి కారణం చిన్నవి కప్పలు కాలేకపోవడమేనని చెప్పాను. క్లాసులో వెనక బెంచీల ముఖాలు నాకు బాగా తెలుసు, అక్కడ అవే కనిపించాయి. కలుపు తీసేవాళ్లు ఎవరున్నారు, మందు మానేస్తే పంటేదీ అన్నారు. ఆ మాటా అబద్ధం కాదు.

ఖాసిం ఒక్కడే పళ్లెం మీదకి వంగి చూస్తున్నాడు.

"బాబూ, ఈ మందు బందలోకి ఎలగెల్లింది?"

"పొలాల కాలువ నుంచి కొంత. పంపులు కడిగిన నీళ్ల నుంచి కొంత." ఆ మాట నోటినుంచి వచ్చాకే అది ఎవరికి తగులుతుందో నాకు వెలిగింది.

ఆయన నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. "పంపులు కడిగీది నానే కదా. అందరి పంపులూ. బాగుసేసినాక నీళ్లోసి కొట్టి సూత్తాను. లోన మిగిలిన మందంతా బందలోకే పోద్ది."

"ఒగ్గీ సాయిబూ, అదేం నేరమేటి?" అన్నాడు అప్పలనాయుడు పెద్దమనసుతో. "మేమూ కడుగుతన్నాం. నువ్వు దొంగవి కాదని తేలిపోనాది, అది సాలు. రేపు సోమారం రా, నా పంపు కారిపోతంది. నీకూ ఒక టీ సెప్పినాను, కూకో."

ఖాసిం కూర్చోలేదు. వాసర్లు డబ్బాలో వేసుకున్నాడు. నేను ఆయన వెంట బస్సు దాకా నడిచాను. తెలియక జరిగినదానికి మీ తప్పేముందన్నాను. ఓదార్పు మాటలు నాకు చేతకావు. ఆయనకి అది చాల్లేదని తెలుస్తూనే ఉంది.

"దొంగన్నారు, అయినా రోజూ వొచ్చినాను బాబూ" అన్నాడు. "నాను దొంగని కాదని నాకు తెల్సు కాబట్టి తలెత్తుకునే వొచ్చినాను. ఇప్పుడు ఏ మొకమెట్టుకుని రాను?"

బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణం

సోమవారం అప్పలనాయుడు పంపు వాకిట్లో పెట్టుకుని ఎదురుచూశాడు. ఎండెక్కింది. ఖాసిం రాలేదు. భోజనాలయ్యాయి. రాలేదు. ఎందుకు రాలేదో నేను చెప్పాను. ఆయన బస్సు దగ్గర అన్న మాట అన్నట్టే చెప్పాను. అప్పలనాయుడు నా ముఖంలోకి చూసి, ఆ పట్నపోడి నటన మాస్టారికేం తెలుస్తుందన్నట్టు నవ్వాడు. తర్వాత కారుతున్న పంపునే వీపుకి తగిలించుకుని పొలానికి బయల్దేరాడు.

సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి జంక్షన్‌కి వచ్చాడు. చొక్కా వీపంతా మందుతో తడిసి ఉంది. టీ ఇప్పించాడు, సంచీ లోపల పెట్టాడు. బస్సు కదలబోతుండగా కిటికీలోంచి నా చెవి దగ్గరికి వంగాడు.

"నాను సెప్తన్నాను సూడండి మాస్టారూ, ఏదో ఉంది. దొంగ కాకపోతే ఎందుకు రాడు?"